పూత వేళ ఎండ: వరి మీద రెండు వైపుల లెక్క

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు, పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లోని మన గొలుగొండ చేల మీద వీచేదీ ఆ గాలే.

ఈ వాయువు వరికి తిండి. ఆకులో దాన్ని పట్టుకునే రూబిస్కో అనే ఎంజైము మధ్యమధ్యలో పొరబడి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అలా మొక్క శ్రమ కొంత వృథా అవుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ వృథా తగ్గుతుంది. జపాన్‌లోని షిజుకుయిషిలో 1998 నుంచి ఆరుబయట పొలాల్లోనే గొట్టాలతో ఈ వాయువును వదిలి చూశారు. ఇలాంటి ప్రయోగాల్లో 200 పాళ్లు అదనంగా అందిన మడుల్లో దిగుబడి సుమారు 12 నుంచి 15 శాతం పెరిగింది. ఎకరాకు 30 బస్తాలు పండే చేనికి నాలుగు బస్తాలు కలిసొచ్చినట్టు. నత్రజని చాలని మడుల్లో మాత్రం లాభం అంత రాలేదు.

బస్తాలు పెరిగినా బియ్యంలో సత్తువ తగ్గుతోంది. చైనా, జపాన్ పొలాల్లో 18 వరి రకాలను 568–590 పాళ్ల గాలిలో పెంచిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మాంసకృత్తులు సగటున 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం తగ్గాయి. రెండు పూటలా అన్నమే ఆధారమైన ఇళ్లలో, ముఖ్యంగా రక్తహీనతతో ఉన్న గర్భిణులకు, ఇది చిన్న తగ్గుదల కాదు.

ఇక వేడి. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వరి దిగుబడి 3.2 శాతం పడిపోతుందని 2017లో ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. మూడు డిగ్రీలైతే మన 30 బస్తాల్లో దాదాపు మూడు పోయినట్టు. అయితే నాకు సగటు కన్నా గంటల లెక్కే ముఖ్యంగా తోస్తుంది. వరి పువ్వు ఎక్కువగా ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య విచ్చుకుంటుంది. గంటసేపు తెరుచుకుని మూసుకుంటే మళ్లీ విచ్చుకోదు. సరిగ్గా ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా మొలకెత్తదు. ఆ గింజ తాలు. మిగతా నాలుగు నెలలు చేను ఎంత పచ్చగా ఉన్నా ఆ నష్టం పూడదు.

రెండు లెక్కలూ ముడిపడేది ఇక్కడే. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఆకు తన రంధ్రాలను కొంత మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది గానీ, ఆవిరి తగ్గినందున చేను వేడెక్కుతుంది. తిండి పెట్టిన వాయువే పూత దగ్గర వేడిని పెంచుతోంది.

రాత్రి వేడి సంగతి వేరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, వానలు లేని పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గినట్టు 2004లో తేలింది. గింజ పాలు పోసుకునేటప్పుడు వేడి తగిలితే బియ్యం తెల్లబారి, మరలో నూకవుతుంది. తెలంగాణలో యాసంగి ధాన్యాన్ని నూక తగ్గేలా ఉడికించి, ఉప్పుడు బియ్యంగా ఆడించడానికి ప్రధాన కారణం ఇదే. 2021–22లో ఆ బియ్యం కొనుగోలుపై రాష్ట్రానికీ కేంద్రానికీ నడిచిన వివాదం వెనుక ఉన్నదీ ఈ నూకే.

గొలుగొండలో వరికి ప్రధాన కాలం ఖరీఫ్. ఎండలు తగ్గాక చేలు ఈనుతాయి కనుక పగటి వేడి బెడద ఇప్పటికి తక్కువే. నీరు దొరికి రబీలో వేసేవారు మాత్రం తేదీ చూసుకోవాలి. 120 రోజుల ఎంటీయూ 1010 రకం సుమారు 90వ రోజుకు పూతకొస్తుంది. డిసెంబరు 1న నారు పోస్తే మార్చి మొదట్లో పూత. జనవరి 10కి జారితే ఏప్రిల్ 10, అంటే నడి ఎండల్లో.

పొద్దున్నే, ఎండ ముదరకముందే పూసే గుణాన్ని ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి సాగు రకాల్లోకి శాస్త్రవేత్తలు తెచ్చారు. వేడిని తట్టుకునే నగీనా 22 మన దేశపు పాత రకమే. ఆ గుణాలున్న విత్తనం మన రైతుకు చేరేలోగా, రైతు సేవా కేంద్రాల్లో ఒక్కో రకం పేరు పక్కన, ఏ తేదీన నారు పోస్తే ఏ వారంలో పూతకొస్తుందో రాసి పెట్టవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.