మోకాలి పక్క నరం జాగ్రత్త!

మోకాలు నొప్పెడితే చాలు, 'నరం పట్టింది' అంటాం. కానీ మోకాట్లో ఉన్నవన్నీ నరాలు కావు. తొడ ఎముక, కాలి పెద్ద ఎముక, చిప్ప కలిసే చోటు మోకాలి కీలు. దాన్ని వదులు కాకుండా పట్టి ఉంచే ముఖ్యమైన బంధనాలు 4. రెండు లోపల కత్తెరలా, రెండు ఇరుపక్కలా ఉంటాయి. తొడ ముందు కండరం కాలు చాపుతుంది, వెనుక కండరాలు ముడుస్తాయి.

అసలు నరం వేరు. తుంటి నుంచి తొడ వెనుకగా దిగే పెద్ద నరం మోకాలికి పైనే రెండుగా చీలుతుంది. అందులో ఒకటి మోకాలి కింద, బయటి వైపు సన్న ఎముకను చుట్టుకుని చర్మం కిందనే పోతుంది. పాదాన్ని పైకెత్తించేది ఇదే.

కలుపు తీస్తూ, కోత కోస్తూ గంటల తరబడి గొంతుక్కూర్చుంటే ఈ నరం నలగవచ్చు. మోకాలి కింద కట్టు మరీ బిగించినా అంతే. పాదం మీద తిమ్మిరి, నడిస్తే వేళ్లు నేలకు రాసుకోవడం, చెప్పు జారిపోవడం దీని గుర్తులు. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

పనిలో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి. పాదం వాలిపోతే మర్దనాలు మాని వెంటనే డాక్టరుకు చూపించండి. ఒత్తిడి త్వరగా తొలగితే చాలామంది కోలుకుంటారు.