గృహస్థుని బాధ్యతయు, బీమాయు

వానకాలమున ముంగిటి మెట్లు నాచుపట్టి యుండును. పొరుగింటి పెద్దమ్మ పేరంటమునకు వచ్చి, ఆ మెట్లపై జారిపడి, తుంటియెముక విరుగగొట్టుకొనె ననుకొందము. ఆమె చికిత్సకగు వ్యయము నెవరు భరింపవలెను? "అది యామె ప్రారబ్ధము" అని కొంద రందురు. "పిలిచినవారే యిచ్చుకొనవలెను" అని మరికొంద రందురు. ఈ రెండు మాటలును పూర్తిగా సత్యములు కావు. ఈ విషయమున ధర్మమేమి, చట్టమేమి, బీమా చేయగల సహాయమేమి యను మూడంశములను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును దెలియునట్లు సంగ్రహముగా వివరింపదలచితిమి.

ఈ బాధ్యత నేటి న్యాయవాదులు కల్పించినది కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున, క్రొత్త యిల్లు కట్టువాడు దాని మిద్దెకు పిట్టగోడ కట్టింపవలెననియు, లేనిచో నచ్చటనుండి పడినవాని ప్రాణదోష మాయింటికి దగులుననియు విధి కలదు. నిర్గమకాండము 21వ అధ్యాయమున, గోతిని త్రవ్వి మూయక విడిచినవాడు, అందు బడి చచ్చిన పశువునకు వెల చెల్లింపవలెనని యున్నది. మొదటి విధి ప్రమాదమునకు ముందు వహింపవలసిన జాగ్రత్తను, రెండవది ప్రమాదమునకు పిమ్మట నీయవలసిన పరిహారమును దెలుపుచున్నవి. నేటి న్యాయశాస్త్ర మీ రెండింటి విస్తరణమే యనవచ్చును.

ఇంగ్లాండులో నీ విషయమునకై 1957లో ప్రత్యేక చట్టమొకటి చేయబడినది. మన దేశమున నట్టి ప్రత్యేక చట్టము లేదు. న్యాయస్థానములు అజాగ్రత్తనుగూర్చిన సామాన్యసూత్రములనే యనుసరించుచున్నవి. ఆ సూత్రము సులభమైనది. వివేకముగల గృహస్థుడు ముందుగా నూహింపదగిన ప్రమాదమును నివారించుటకు దగిన ప్రయత్నము చేసెనా, లేదా? చేసియుండినచో, అతిథి పడినంత మాత్రముననే గృహస్థుడు దోషి కాడు. అతిథి తానే పరుగులెత్తి పడినచో పరిహారము తగ్గవచ్చును. కాని నాచును జూచియు గోకింపనివాడును, చీకటి వసారాలో దీపము పెట్టనివాడును, కఱచు కుక్కను కట్టివేయనివాడును తప్పించుకొనజాలరు.

"లోపము నాకు కనబడలేదు" అనుటయు నెల్లప్పుడు చాలదు. ఢిల్లీ చాందినీచౌకులోని గడియార స్తంభము కూలి బాటసారులు మరణింపగా, ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు బోయి 1966లో తీర్పు వెలువడినది. పాతబడిన కట్టడమును అప్పుడప్పుడు పరీక్షింపించుట యజమానుని విధియనియు, కంటికి కానరాని లోపమను సాకుతో నతడు తప్పించుకొనజాలడనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. పాత మిద్దెలును, వీథివైపునకు వంగిన గోడలును గల మన పట్టణమున నీ తీర్పు ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనదగినది.

ఇక మన తెలుగు నేలకు జెందిన వ్యాజ్యమొకటి కలదు. కార్వేటినగర జమీందారుని చెరువులు వఱదకు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గమును పాడుచేసెను. ఇంగ్లాండులో 1868 నాటి తీర్పొకటి, తన భూమిలో నీటిని నిలువజేసినవాడు ఆ నీరు వెలువడి చేసిన నష్టమునకు, తన యజాగ్రత్త లేకున్నను, ఉత్తరవాది యని చెప్పియుండెను. కంపెనీవా రదే న్యాయము కోరిరి. 1874లో ప్రీవీ కౌన్సిలువారు దాని నంగీకరింపలేదు. ఇచ్చటి చెరువులు అనాదిగా ప్రజల జీవనాధారములనియు, జమీందారుడు వానిని రక్షింప బద్ధుడే కాని తొలగింప సమర్థుడు కాడనియు, అజాగ్రత్త కనబడనందున నతడు నష్టమీయ నక్కఱలేదనియు వారు తీర్పు చెప్పిరి. రామప్ప, పాకాల, లక్నవరము చెరువుల నీటితో బ్రదుకు నోరుగల్లు సీమవారికి దీని భావము వేఱుగ జెప్పనక్కఱలేదు. ఏ వస్తువు ప్రమాదకరమో, ఏది యావశ్యకమో దేశస్థితినిబట్టి నిర్ణయింపవలసి యుండును.

పిల్లల విషయమున జాగ్రత్త మఱింత యవసరము. గ్లాస్గో నగరపు తోటలో నేడేండ్ల బాలుడొకడు అందమైన విషఫలములను తిని మరణించెను. కంచెయు, తెలియదగిన హెచ్చరికయు లేక అట్టి చెట్టును పిల్లలు దిరుగుచోట నుంచుట యజాగ్రత్తయే కాగలదని ప్రభువుల సభవారు నిర్ణయించిరి. మన పెరడులలో గన్నేరు లేని యిల్లేది? అంతకంటె ఘోరమైనవి ఒరలేని వ్యవసాయపు బావులును, నీరుపడక విడిచిన బోరుగుంతలును. పిల్లలు బోరుగుంతలలో బడి మరణించుట చూచి సుప్రీంకోర్టు 2010లో నాజ్ఞలు జారీచేసినది: త్రవ్వు చోట హెచ్చరిక పలకయు, చుట్టును ముండ్లకంచెయు నుంచవలెను, గొట్టమునకు మూత బిగింపవలెను, విడిచిన గుంతను అడుగునుండి నేలమట్టము వఱకు పూడ్చివేయవలెను. ఒక మూత వెల యెంత? ఒక బిడ్డ వెల యెంత?

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదములు పూర్తిగా తొలగవు. అప్పుడు బీమా యక్కఱకు వచ్చును. అనేకులు తలా కొంచెము ప్రీమియము చెల్లింపగా గూడిన నిధినుండి, నష్టము దటస్థించిన యొకనికి సహాయము లభించును. మన దేశమున గృహస్థులకై యమ్ము కొన్ని సంయుక్త పాలిసీలలో, అగ్నిభయము, చోరభయములతోపాటు, ఇతరులకు గలిగిన గాయముల విషయమైన బాధ్యతాభాగమును చేర్చుకొనవచ్చును. అగ్ని పాలిసీ మాత్రమే కొన్నవాని కీ రక్షణము లేదు. 2021 ఏప్రిలు 1 నుండి ప్రవేశపెట్టబడిన భారత్ గృహరక్ష పాలిసీ ముఖ్యముగా ఇంటికిని సామగ్రికిని సంబంధించినది. కావున పాలిసీ కొనునపుడు "మూడవవారి గాయములకు బాధ్యత యిందు చేరినదా?" యని యడిగి, ఆ భాగమును స్వయముగా జదువవలెను.

ఇట్టి పాలిసీ చట్టప్రకారము గృహస్థుడు చెల్లింపవలసిన దానిని, నిర్ణీతమైన మితివఱకు మాత్రమే చెల్లించును. ఇంటివారి గాయములును, బుద్ధిపూర్వకముగా జేసిన హానియు సాధారణముగా నిందు జేరవు. పనివారికి వేఱుభాగ ముండును. ప్రమాదము జరిగినపుడు మొదట గాయపడినవారిని వైద్యునియొద్దకు జేర్చి, పిదప కంపెనీకి వెంటనే తెలియజేయవలెను. వారి యనుమతి లేక యింత యిత్తునని వాగ్దానము చేయరాదు. కాని పరామర్శించుటకు నెవరి యనుమతియు నక్కఱలేదు. భోపాలు విషవాయు ప్రమాదము (1984) తరువాత 1991లో వచ్చిన ప్రజాబాధ్యతా బీమా చట్టము ప్రమాదకర పదార్థములతో వ్యవహరించువారికే గాని సామాన్య గృహస్థులకు గాదు.

"పొరుగువానినుండి డబ్బు కోరుట యుచితమా?" యని యొక ప్రశ్న కలదు. పేదవాడైన యతిథి కాలు విరిగి కూలిపోగొట్టుకొన్నచో, మొగమాటముచే మౌనము వహించుట యతని పిల్లలను పస్తుంచుటయే. పేదవాడైన గృహస్థుడు పరిహారమునకై పొలమమ్ముకొనుటయు దుఃఖకరమే. బీమా యీ యిరువుర మధ్య నిలిచి స్నేహమును గాపాడును. అయినను బీమా పిట్టగోడకు బదులు కాదు. డబ్బు వైద్యునకు జెల్లును గాని పోయిన ప్రాణమును దేదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యిండ్లకు బోయినపుడు తలిదండ్రులతో గూడి ఇల్లంతయు నొకమారు చూడుడు. బావికి ఒర కలదా? మిద్దెకు పిట్టగోడ కలదా? కరెంటు తీగ తెగి వ్రేలాడుచున్నదా? మెట్లు తడిగా నున్నవా? లోపము కనబడినచో నేడే సవరింపుడు.