పట్నము చూడబోవు వారికి వేగధారణము వలని ముప్పు

గుత్తి ప్రాంతము వారికి పట్నమనగా నేటికిని హైదరాబాదే. 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానిగా నుండిన కర్నూలు మనకు నూరు కిలోమీటర్ల లోపే కలదు. 2014లో రాష్ట్రములు రెండైనవి. పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయినది. అయినను పిల్లల చదువులు, ఉద్యోగములు హైదరాబాదుతో ముడిపడియున్నందున, రెండు మూడు దినముల సెలవు దొరకగానే కుటుంబమంతయు చార్మినారును, గోలకొండను చూచుటకు బయలుదేరుట మానలేదు. అక్కడ ఏమేమి చూడవలెనో చెప్పువారు చాలమంది కలరు. చూచుచున్నంతసేపు శరీరము ఏమగుచున్నదో చెప్పువారు తక్కువ. అందుచేత ఈ వ్యాసము.

చరక సంహిత సూత్రస్థానములోని ఏడవ అధ్యాయమున, బలవంతముగా ఆపరాని వేగములు పదమూడని చెప్పబడినది. మూత్రము, మలము, శుక్రము, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలుగు ఆయాసపు శ్వాస అనునవి ఆ పదమూడు. ఇంటిపట్టున నుండువారు వీనిలో ఏ ఒకటి రెంటినో ఎప్పుడో ఒకప్పుడు ఆపుదురు. పట్నము చూడబోయినవారు మాత్రము దప్పిక, మూత్రము, ఆకలి, నిద్ర, ఆయాసము అను అయిదింటిని మూడు దినములలోనే వరుసగా ఆపుదురు. తిరిగి వచ్చిన పిమ్మట “నీళ్లు పడలేదు” అని పట్నపు నీటిమీద నేరము మోపుదురు.

దప్పిక, మూత్రము

వీనిలో మిక్కిలి హాని చేయునది స్త్రీల విషయమున కనబడును. బయట మరుగుదొడ్డి దొరకునో లేదోయను భయముచే వారు ఉదయము నుండియే నీరు త్రాగుట మానుదురు. హైదరాబాదు నుండి వచ్చిన మరునాడు మూత్రమున మంట, పొత్తికడుపున నొప్పి, చలిజ్వరముతో నా యొద్దకు వచ్చిన ఏబదియైదేండ్ల తల్లి ఒకామె, “ఆడ యాడికని పోయేది సామీ? కొడుకును మాటిమాటికీ బండి ఆపమంటే బాగుండదని నీళ్లే తాగకుంటి” అని చెప్పినది. ఇట్టి మాట ఆమె ఒక్కతె నోటనే కాదు, ప్రతి వేసవిలోను వినుచునేయున్నాను. ఆమెను ముందుగా మూత్రపరీక్షకు పంపవలసి వచ్చినది. మంటతో పాటు జ్వరము, నడుమునకు ఇరుప్రక్కల నొప్పి ఉన్నప్పుడు ఇంటి కషాయములతో కాలము గడపరాదు. వ్యాధి మూత్రపిండముల వరకు ప్రాకవచ్చును.

మూత్రవేగమును ఆపుటవలన వస్తిశూల, మూత్రకృచ్ఛ్రము, తలనొప్పి, పొత్తికడుపు ఉబ్బు కలుగునని శాస్త్రము. దప్పికను ఆపినచో నోరు, కంఠము ఎండుట, చెవుడు, అలసట, హృదయమున నొప్పి కలుగునని చెప్పబడినది. ఆధునిక వైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు. నీరు తగ్గిన శరీరమున మూత్రము చిక్కబడును. అది చిరకాలము నిలువయున్నచో క్రిములు పెరుగును. మధుమేహము గలవారికి ఇది మరింత త్వరగా జరుగును.

సాలుకు 550 మిల్లీమీటర్ల వాన సరిగా పడని సీమలో పుట్టినందున నీటిని పొదుపు చేయుట మనకు సహజగుణమైనది. అది బిందెలోని నీటికి తగును గాని త్రాగు నీటికి తగదు. మూత్రము లేత గడ్డిరంగులో నున్నంతవరకు భయము లేదు. ముదురు పసుపుగా మారినచో తిరుగుట ఆపి, నీడన కూర్చుండి, కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండముల జబ్బుచే నీటికి కొలత పెట్టబడినవారు తమ వైద్యుని మాటనే పాటింపవలెను.

ధనియాలు రెండు చెంచాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసుడు నీటిలో నానబెట్టి, ఉదయము వడగట్టి, కొంచెము పటికబెల్లముతో త్రాగినచో దప్పిక, ఒంటిమంట తగ్గును. మధుమేహులు పటికబెల్లము లేకయే త్రాగవలెను. జీలకర్ర, సైంధవ లవణము కలిపిన పలుచని మజ్జిగ పగటివేళ శ్రేష్ఠము. మన మెట్టచేలలో కాళ్లకు గ్రుచ్చుకొను పల్లేరుకాయల కషాయము, జ్వరము లేని స్వల్పమైన మూత్రపు మంటకు పనికివచ్చును. 

ఇక దారి ఏర్పాటు. ఎక్కడ ఏమి చూడవలెనో నిర్ణయించునప్పుడే ఎక్కడ మరుగుదొడ్డి ఉండునో కూడ నిర్ణయించుకొనవలెను. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. మ్యూజియములు, జంతు ప్రదర్శనశాల, పెద్ద బస్సు స్టేషన్లు ఇందుకు ఆధారములు. అట్టి చోటు వచ్చినప్పుడెల్ల, వేగము లేకున్నను ఒకసారి వెళ్లి రావలెను. కుటుంబమునకు పెద్దయైనవాడు తానే “ఇక్కడ ఆగుదము” అనినచో, కోడలికిని అత్తకును అడుగవలసిన మొగమాటము తప్పును.

తిరుగుట తగ్గించుకొనుట కూడ చికిత్సయే. సాలార్‌జంగ్ మ్యూజియము, చార్మినారు, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్ అన్నియు మూసీనదికి దక్షిణమున దగ్గర దగ్గరగా నున్నవి. ఒక దినము వీనికే కేటాయించవలెను. అయితే మ్యూజియమునకును, చౌమహల్లాకును శుక్రవారము సెలవు. ఎండ ముదిరిన వేళ మ్యూజియము లోపల నుండుట మేలు. మధ్యాహ్నము 12 గంటలకు అక్కడి సంగీత గడియారమును చూచుటకు జనము ముందుగనే వచ్చి కూర్చుందురు. మోకాళ్లు నొచ్చువారికి అది మంచి విశ్రాంతి కూడ. ఆ మ్యూజియమున్న పేటకు దారుల్‌షిఫా యని పేరు. ఆరోగ్యము నిచ్చు ఇల్లని అర్థము. 1591లో చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే అక్కడ యునానీ వైద్యశాలను కూడ నెలకొల్పెను. వైద్యుడనగుటచే నాకు ఆ మాట చెప్పక దాటబుద్ధి కాలేదు.

గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు నగరమునకు పడమట ఒక్కచోటనే కలవు. అవి వేరొక దినము. హుసేన్‌సాగరము, 1992లో అందు నిలుపబడిన బుద్ధ విగ్రహము, బిర్లా మందిరము సాయంకాలమునకు తగినవి. 2017లో మొదలైన మెట్రో రైలు లక్డీకాపూల్ వరకు ఎక్కినచో బిర్లా మందిరమునకు దూరము తగ్గును. గోలకొండకు మాత్రము బస్సో, ఆటోయో తప్పదు. మెట్రోలో చల్లదన మెక్కువ. ఎండలో తడిసిన ఒంటితో ఎక్కునప్పుడు చెమట తుడుచుకొని, చెవులకు గుడ్డ చుట్టుకొనవలెను. ఉష్ణము నుండి శీతమునకు హఠాత్తుగా మారుట కూడ రోగకారణమే.

ఆయాసము

గోలకొండలో ఫతే దర్వాజా క్రింద చప్పట్లు కొట్టి, ఆ శబ్దము పైన బాలాహిస్సారు వరకు వినబడునని విని, అందరును పైకి పరుగెత్తుదురు. పైకి మెట్లు మూడువందల అరువదికి తక్కువ లేవు. పిల్లల ముందు చిన్నబోరాదని పెద్దలు ఆయాసమును పండ్లబిగువున ఆపుకొని ఎక్కుదురు. శ్రమశ్వాసను ఆపినచో గుల్మము, హృద్రోగము, మూర్ఛ కలుగునని చరకము హెచ్చరించినది. నోరు తెరచి ఊపిరి తీసికొనుటకు ఆగుట అవమానము కాదు. ఇరువది మెట్లకొకసారి కూర్చుండవలెను. ఉదయము కోట తెరచిన వెంటనే ఎక్కవలెను. చార్మినారు పైకి మెట్లు నూటనలుబదితొమ్మిదే యైనను మిక్కిలి నిటారు, ఇరుకు. మోకాళ్ల వాతము గలవారు క్రింద నుండి చూచుటయే మేలు.

గుత్తివారికి ఒక సౌకర్యము కలదు. పరీక్షించుకొనుటకు కోట ఊరిలోనే యున్నది. ప్రయాణమునకు పదిదినములు ముందుగా ఒక చల్లని ఉదయమున మన కోట దారిలో కొంతదూరము మెల్లగా ఎక్కి చూడవలెను. మాటలాడుచు ఎక్కగలిగినవాడు గోలకొండను ఎక్కవచ్చును. రెండు మాటలకే ఊపిరి అందనివాడు, రొమ్మున బరువు తోచినవాడు ముందు వైద్యుని చూడవలెను. పట్నపు టిక్కెట్టు పిమ్మట కొనవచ్చును.

నిద్ర

రాత్రి రైలులో పోవుట మనకు అలవాటు. పగలు మిగులునని సంబరము. నిద్రలేమి శరీరమున రూక్షత్వమును, వాతమును పెంచును. కాచిగూడలో దిగగానే స్నానము చేసి, ఇడ్లీలు తిని, ఆటో ఎక్కువారికి మధ్యాహ్నమునకే తలనొప్పి, ఒళ్లునొప్పులు, చిరాకు వచ్చును. కుటుంబకలహములు సగము ఆ వేళనే పుట్టును. దీనికి అష్టాంగహృదయమున చక్కని ఉపాయమున్నది. రాత్రి ఎంతసేపు నిద్ర పోయినదో అందులో సగము సేపు, ఉదయము ఏమియు తినకముందే నిద్రింపవలెను. నాలుగు గంటల నిద్ర పోయినచో రెండు గంటలు పరుండవలెను. ఒక చూపు తగ్గినను మూడు దినములు నిలుచును. అయితే మధుమేహమునకు మాత్రలుగాని ఇన్సులిన్‌గాని వాడువారికి పరగడుపు మంచిది కాదు. వారు వేళకు తినియే పరుండవలెను.

రాత్రి పరుండబోవుముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించినచో నడక బడలిక తీరి నిద్ర పట్టును. చిన్న సీసా పెట్టెలో పెట్టుకొన్నచో చాలును. అయితే నూనె కాళ్లతో బసలోని నున్నని నేలమీద నడువరాదు.

ఆహారమును గూర్చి ఎక్కువ చెప్పను. బిర్యాని తినవలెనన్నచో మధ్యాహ్నము తినుడు, రాత్రి వద్దు. ఇరానీ చాయ్ ఒకటి త్రాగినచో దోషము లేదు గాని, దానిని నీటికి బదులుగా త్రాగరాదు. వేళ తప్పినప్పుడు ఆకలిని ఆపక తినుటకు మన బొరుగులు, వేయించిన శనగలు సంచిలో నుండవలెను.

రక్తపుపోటు, మధుమేహపు మాత్రలు పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో, మూడు దినములకు గాను అయిదు దినములకు సరిపడ ఉంచుకొనవలెను. పట్నములో తిరుగుచున్నామని ఒక్కపూటయు మానరాదు. మెట్లపై రొమ్మునొప్పి, చల్లని చెమట, ఎడమచేయి లాగుట కలిగినను, ఎండలో మాట తడబడి స్పృహ తప్పినను కషాయములు వెదకక 108కు ఫోను చేయవలెను. ఆ సంఖ్య అక్కడను, ఇక్కడను ఒక్కటే.