వెంట్రుకవాసి ఎత్తు

2000 జూన్‌లో ఏఎండీ విడుదల చేసిన థండర్‌బర్డ్ అథ్లాన్ ప్రాసెసర్‌కు నెత్తిన లోహపు మూత లేదు. సిరామిక్ పలక నడుమ సుమారు 120 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క, అంటే బొటనవేలి గోరంత, బట్టబయలుగా ఉండేది. దాన్నే డై అంటారు. వేడిని లాగేసే కూలర్ నేరుగా దాని మీదే కూర్చోవాలి.

ఆ కూర్చోబెట్టడమే గండం. కూలర్ స్టీలు క్లిప్పు మహా బిరుసు. ఒక కొస సాకెట్ కొక్కేనికి తగిలించి, రెండో కొసను స్క్రూడ్రైవర్‌తో బలంగా నొక్కాలి. అప్పుడు కూలర్ ఓ పక్కకి ఒరిగిందా, ఒత్తిడంతా డై మూల మీద పడుతుంది. సిలికాన్ గాజులా పెళుసు. చిన్న పెచ్చు లేచినా ప్రాసెసర్ పోయినట్టే అనుకోవాలి.

ఏఎండీ నాలుగు మూలలా మెత్తటి దిండ్లు అతికించింది కానీ, గట్టిగా నొక్కితే అవి అణిగిపోయేవి. అందుకే బజారులోకి షిమ్‌లు వచ్చాయి. షిమ్ అంటే డై చుట్టూ కూర్చుని, ఒరిగే కూలర్‌ను ఆపే, డై పట్టేంత కిటికీ కోసిన పల్చటి రేకు.

ఎంపికలో మొదట చూడాల్సింది మందం. షిమ్ డై కన్నా వెంట్రుకవాసి కిందికే ఉండాలి. ఎత్తయితే కూలర్ షిమ్ మీద ఆగిపోతుంది, డైకీ దానికీ మధ్య గాలి చేరుతుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని మోసే శక్తి వేల రెట్లు తక్కువ. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ పరీక్షలో నడుస్తుండగా కూలర్ తీసేస్తే ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది, అథ్లాన్ పొగలు కక్కింది. అందుకే షిమ్ పెట్టాక, కూలర్ అమర్చేముందు స్టీలు స్కేలు అంచును డై మీదుగా నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా చూడాలి. డైకీ స్కేలుకూ మధ్య వెలుగు గీత కనిపిస్తే ఆ షిమ్ పనికిరాదు.

రాగి షిమ్ చూపులకు ముచ్చటగానే ఉంటుంది. అదనంగా చల్లబరుస్తుందన్నది మాత్రం భ్రమే. దాని పని కాపలా. పైగా రాగిలో కరెంటు పారుతుంది. ఈ ప్రాసెసర్ల పైభాగాన సన్నటి విద్యుత్ వంతెనలుండేవి. వేగం పెంచాలనుకునే కుర్రకారు వాటిని పెన్సిల్ గీతతో కలిపేవారు! పెన్సిల్ గీతకే కలిసేవి రాగి రేకు తగిలితే ఊరుకుంటాయా? కరెంటు పారని పూత ఉన్న అల్యూమినియం షిమ్ మేలు.

2003లో అథ్లాన్ 64 లోహపు మూతతో రావడంతో షిమ్‌ల బేరం తగ్గిపోయింది. మందం గొడవ మాత్రం పోలేదు. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు సాకెట్ బిగింపుకి నడుమ వంగుతున్నాయని, కొందరు ఆ బిగింపు కింద 1 మిల్లీమీటరు వాషర్లు వేశారు. అవి మరీ మందమైతే కింద పిన్నులు సరిగ్గా ఆనవు.