పిల్లికి టీకా వేయించిన రాత్రి

శెనక్కాయలు పండిన యేడు ముదిగుబ్బలో పిల్లికి మర్యాద ఎక్కువ. ఇంట్లో మూటలున్నంతకాలం ఎలుకలుంటాయి. ఎలుకలున్నంతకాలం పిల్లిని ఛీ పొమ్మనేవాడుండడు. వానలు మొగం చాటేసిన యేడు – మా సీమలో అటువంటి యేళ్ళకు కొదవలేదు – మూటలూ ఉండవు, పిల్లికి పాలచుక్కా ఉండదు. 2022లో మా ఊరు అనంతపురం జిల్లాను వీడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గాని, ఆకాశం మాత్రం పాతదే.

అటువంటి పిల్లికి సూదిమందా అని నవ్వేవారు లేకపోలేదు. మా పిల్లిని గంపలో పెట్టి, పైన గోనెపట్టా కట్టి పశువుల ఆస్పత్రికి బయలుదేరుతుంటే, పక్కింటి అవ్వ మాత్రం నవ్వలేదు, అడ్డం నిలిచింది.

"సూదేస్తే సచ్చిపోతాది సారూ! ఊరకుండేదాన్ని ఎందుకు పొడిపిస్తావు?"

వట్టి మూఢనమ్మకమని కొట్టివేయడానికి నాకు నోరు రాలేదు. ఆమె పెనిమిటికి ఒకప్పుడు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారట. అది 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ కనిపెట్టిన పద్ధతి. రోగం ఎక్కించిన గొర్రె మెదడు నుండి ఆ మందు తీసేవారు. మందులో మెదడు పదార్థం కలిసి ఉండడం చేత, అది పడక కొద్దిమందికి కాళ్ళుచేతులు పడిపోయేవి. లెక్కలేనంతమందిని బ్రతికించినదీ ఆ మందే. 2005 నాటికి మన దేశంలో దానిని మానివేశారు. ఇప్పుడు మనుషులకు చేతికే వేస్తారు. బొడ్డు జోలికి ఎవరూ పోరు. మందు మారింది గాని, భయం ఇంకా పాత మందు దగ్గరే కూర్చుని ఉన్నది.

పశువైద్యుడు పిల్లి మెడపట్టు జోలికి పోకుండా, కుడి వెనుక కాలిలో బాగా కిందుగా సూది వేశాడు. అక్కడెందుకని అడిగాను. ఆయన చెప్పినది విని గంప మళ్ళీ ఇంటికి మోసుకుపోదామా అనిపించింది. 1991లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వైద్యులు, టీకా వేసినచోట కొన్ని పిల్లులకు పుండుకణితి – అంటే కాన్సరే – పుడుతున్నదని బయటపెట్టారు. పదివేల పిల్లులలో ఒకటి మొదలు పది దాకా ఉండవచ్చునని అంచనాలు. భుజాల నడుమ కణితి పుడితే సమూలంగా కోసివేయడం కష్టం. కాలైతే కాలు తీసి ప్రాణం నిలపవచ్చు. అందుకని పిచ్చికుక్క రోగపు టీకాకు కుడి వెనుక కాలు ఏర్పాటు చేశారు. మూడు కాళ్ళతోనైనా పిల్లి గోడ దూకుతుందట! రోగమే వస్తే మాత్రం పిల్లీ దక్కదు. అది కరచిన మనిషి సకాలంలో టీకా వేయించుకోకపోతే ఆ మనిషీ దక్కడు. ఈ రెండూ తక్కెడలో పెట్టుకుని నేను గంప కిందనే ఉంచాను.

మందు పడని పిల్లికి కొద్ది నిమిషాలలోనో గంటలలోనో మొగం వాచడం, వాంతులు, విరేచనాలు, ఊపిరాడకపోవడం మొదలవుతాయని, అందుచేత అరగంట అక్కడే కూర్చోమని చెప్పాడు. కూర్చున్నాము. ఏమీ కాలేదు.

అయినది సాయంత్రం. పిల్లి మంచం కిందికి దూరింది. పాలు ముట్టలేదు. చెవులు పట్టుకుంటే కాలుతున్నవి. అవ్వ గడపలో నిలబడి ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువైంది. ఇంట్లో మా పిల్లవాడు జ్వరం మాత్ర సగానికి విరిచి, పాలలో కలపడానికి సిద్ధమైనాడు. ఎందుకైనా మంచిదని వైద్యునికి ఫోను చేశాను.

"పారాసెటమాలా? ఆ పాలు పారబోయండి సార్!" అన్నాడు, దాదాపు అరచినట్టుగా.

మనకు జ్వరం దించే ఆ మాత్ర పిల్లికి విషం. దానిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. మొగం, పాదాలు వాస్తాయి. మొగం వాచడం టీకా పడని లక్షణాలలోనూ ఉన్నదే గదా! సగం మాత్రతో చచ్చిన పిల్లి చావును సూది ఖాతాలో వ్రాసివేయడానికి ఇంతకంటే ఏం కావాలి? మా ఇంట్లో ఆ రాత్రి అటువంటి ఖాతా ఒకటి తెరవబోయి ఆగింది.

వైద్యుడు చేయమన్నది ఒకటే – నీళ్ళు దగ్గరపెట్టి, చీకటిగా ఉన్నచోట పడుకోనివ్వమన్నాడు. ఊపిరి ఎగబీల్చినా, ఒకటి రెండు రోజులు దాటినా తీసుకురమ్మన్నాడు. అమెరికాలోనే దాదాపు అయిదులక్షల పిల్లుల లెక్కలు తీసి 2007లో ప్రకటించారు: టీకా వేసిన నెలలోపల ఇబ్బంది పడినవి రెండువందలకు ఒకటి చొప్పున, అందులోనూ ఎక్కువ భాగం ఇటువంటి నలతే. లెక్క వినడానికి బాగున్నది గాని, ఆ ఒక్కటీ మన మంచం కింద ఉన్నప్పుడు నిద్రపట్టదు. తెల్లవార్లూ టార్చిలైటు వేసి దాని డొక్క ఆడుతున్నదా అని చూస్తూనే ఉన్నాను.

మరునాటి మధ్యాహ్నం అది లేచి, వళ్ళు విరుచుకుని, అవ్వ ఇంట్లోకి పోయి అవ్వ పాలు తాగి వచ్చింది.

ఇప్పటికి అయిదు వారాలు. సూది పడినచోట చింతగింజంత గడ్డ ఒకటి మిగిలింది. చాలావరకు కొద్ది వారాలలో కరిగిపోతుందట. మూడునెలలు దాటినా ఉంటే, రెండు సెంటీమీటర్లు మించితే, నెల తరువాత కూడా పెరుగుతూ ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించాలి. అందుకని ఆదివారం ఆదివారం నూలుపోగుతో కొలిచి ముడివేస్తున్నాను. పోగు పట్టుకునేది నేను. పిల్లిని ఒళ్ళో పట్టుకునేది అవ్వ. పోయిన వారం ముడికంటే ఈ వారం ముడి కొంచెం ఇవతలే పడింది.