గోమారి గుట్టు

మీరు రోలుగుంట వైపు పల్లెల్లో ఉండేవారైతే ఇది మీకు తెలిసిన సంగతే. సాయంత్రం మేత నుంచి తిరిగివచ్చిన ఆవు దగ్గరకు వెళ్ళి, దాని చెవి లోపల, గంగడోలు కింద, పొదుగు పక్కన చూడండి. ఆముదపు గింజలా ఉబ్బి, కదలకుండా అంటుకొని ఉన్న పురుగులు కనిపిస్తాయి. అవే గోమార్లు. పిడుదులని కూడా అంటారు. లాటిను భాషలో ఆముదానికి 'రిసినస్' అని పేరు. ఆ మాటకు అర్థం గోమారి అనే! గింజను చూసే ఆ పేరు పెట్టారన్నమాట.

గోమారి కీటకం కాదు. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. ఇది సాలీడుకు, తేలుకు చుట్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే కాళ్ళు. అది గడ్డిపరక కొనకు ఎక్కి కాచుకుని ఉంటుంది. పశువు విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ముందుకాళ్ళతో పసికట్టి, అందగానే పట్టుకుంటుంది.

రక్తం తాగితే తాగింది, అంత చిన్న పురుగు ఆవును చంపుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలో దొరికింది. దక్షిణాన ఉన్న టెక్సాస్ నుంచి పశువుల మందలను ఉత్తరాదికి తోలుకుపోయేవారు. మందలు వెళ్ళిన కొన్ని వారాలకు ఆ దారిలోని ఉత్తరాది ఆవులు జ్వరంతో, ఎర్రని మూత్రంతో చచ్చిపోయేవి. టెక్సాస్ ఆవులు మాత్రం నిక్షేపంగా ఉండేవి! ఇది గోమార్ల పనేనని కొందరు పశువుల కాపరులు అంటే, చదువుకున్నవారు చాలామంది నవ్వారు.

థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రజ్ఞులు మాత్రం నవ్వలేదు, పరీక్షించి చూశారు. ఒక దొడ్డిలో దక్షిణాది ఆవులను గోమార్లతో సహా ఉత్తరాది ఆవుల మధ్య ఉంచారు. రెండో దొడ్డిలో దక్షిణాది ఆవుల గోమార్లను చేత్తో ఏరివేసి ఉంచారు. మూడో దొడ్డిలో దక్షిణాది ఆవులే లేవు, నేల మీద గోమార్లను మాత్రం చల్లారు. ఏం జరిగి ఉంటుందో ఊహించండి! మొదటి, మూడో దొడ్లలోని ఉత్తరాది ఆవులు జబ్బుపడ్డాయి. రెండో దొడ్డిలోనివి క్షేమంగా ఉన్నాయి.

నేరస్థురాలు దొరికింది. అయితే జబ్బు రావడానికి కొన్ని వారాలు ఎందుకు పట్టేది? కడుపు నిండిన ఆడ గోమారి నేల మీదికి రాలి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. రోగక్రిమి తల్లి నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి పిల్లల్లోకి చేరుతుంది. ఆ పిల్లలు కొత్త ఆవును కుట్టాలి. అందుకే అంత ఆలస్యం. బబేసియా అనే ఆ క్రిమి ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. ఆ రంగే మూత్రంలో దిగుతుంది. టెక్సాస్ ఆవులకు దూడతనంలోనే ఈ జబ్బు స్వల్పంగా వచ్చిపోవడంతో తట్టుకునే శక్తి ఏర్పడింది.

ఈ ఫలితాలు 1893లో వెలువడ్డాయి. నాలుగేళ్ళ తరవాత, 1897లో, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు.

బబేసియా మన పశువులకూ వస్తుంది. హయలోమా అనే మరో రకం గోమారి థైలేరియా క్రిమిని మోస్తుంది. పశువుకు తీవ్రమైన జ్వరం వస్తుంది, భుజం ముందున్న గ్రంథులు వాస్తాయి. ఒంగోలు వంటి మన జాతులు దీనిని కొంత తట్టుకుంటాయి గాని, ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులు త్వరగా లొంగిపోతాయి. పాల మీద బతికే ఇంటికి అది పెద్ద దెబ్బ.

మనుషులకూ ప్రమాదం లేకపోలేదు. 1957లో నేటి కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, చుట్టుపక్కల ఊళ్ళవారికి జ్వరాలు వచ్చాయి. అక్కడి అడవి గోమార్లు ఒక వైరస్‌ను మోస్తున్నాయని తేలింది.

మరి మనమేం చేయాలి? హయలోమా గోడ పగుళ్ళలో దాక్కుంటుంది కనుక పశువుల శాలలో పగుళ్ళు పూడ్చాలి. మందు ఏది వాడాలో పశువైద్యుణ్ణి అడగాలి. గోమారిని వేళ్ళతో నలపకూడదు, అగ్గిపుల్లతో కాల్చకూడదు. ముళ్ళు తీసే చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. తరవాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తీసినదాన్ని నేల మీద పారేయకండి, కిరసనాయిలు డబ్బాలో వేయమని పెద్దలతో చెప్పండి. ఎందుకో మీకు తెలుసు కదూ! కడుపు నిండిన ఒక్క గోమారి నేల మీద పడిందంటే, వేల గోమార్లు గడ్డి కొనలకు ఎక్కుతాయి.