సమీకరణంలోకి చేరిన చాటింపు

2014 సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఒక అంచనా ప్రకటించింది. లైబీరియా, సియెర్రా లియోన్‌లలో పరిస్థితి మారకపోతే 2015 జనవరి 20 నాటికి ఎబోలా కేసులు ఐదున్నర లక్షలకు, నమోదు కానివి కలిపితే 14 లక్షలకు చేరవచ్చన్నది దాని సారాంశం. చివరికి గినీతో కలిపి మూడు దేశాల్లో నమోదైనవి 28,600 పైచిలుకు. మృతులు 11,300 మందికి పైనే. లెక్క తప్పిందన్నారు కొందరు. కానీ అందులో ‘మారకపోతే’ అన్న షరతు ఉంది, పరిస్థితి మారింది.

పడకలు పెరిగాయి, రోగితో మెలిగినవారి ఆచూకీ తీశారు. వాటితోపాటు జనం నడత మారింది. మృతదేహాన్ని కడిగి, తాకి సాగనంపడం అక్కడి ఆచారం. ఎబోలాతో పోయినవారి దేహంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. మొదట్లో ముసుగులు తొడుక్కున్న బృందాలు శవాలను పట్టుకుపోతుంటే కుటుంబాలు దాచిపెట్టాయి. ఇమాములు, పాస్టర్లు పూనుకుని, ప్రార్థనకు చోటిచ్చే సురక్షిత ఖననం వచ్చాకే జాగ్రత్తల మాట జనం చెవికెక్కింది.

మరి ఈ మాటను గణితం ఎలా పట్టుకుంటుంది? కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో ప్రకటించిన నమూనా జనాన్ని మూడు వర్గాలు చేసింది: రోగం సోకగలవారు, సోకినవారు, ఆ దశ దాటినవారు. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన మెకెండ్రిక్, తన సహచరుడితో కలిసి దాన్ని 1905–06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో సరిచూశాడు. ప్రజావిద్యను చేర్చాలంటే మొదటి వర్గాన్ని తెలిసినవారు, తెలియనివారు అని చీల్చాలి. తెలిసినవారికి సోకే వేగం తక్కువ.

ఉదాహరణకు ఒక రోగి సగటున 1.8 మందికి అంటిస్తాడనుకుందాం. జాగ్రత్తలు ముప్పును 60 శాతం తగ్గిస్తాయనుకుందాం. సగం జనానికే విషయం చేరితే ఆ సంఖ్య 1.26, రోగం పెరుగుతూనే ఉంటుంది. 80 శాతానికి చేరితే 0.94 అవుతుంది. ఒకటికి దిగువకు వచ్చాక వ్యాప్తి తగ్గుముఖం పడుతుంది.

అయితే తెలివిడి నిలకడైనది కాదు. కేసులు తగ్గేకొద్దీ భయమూ తగ్గుతుంది, తెలిసినవారు మెల్లగా తెలియనివారిలో కలిసిపోతారు. అందుకే నమూనాకు ‘మరపు రేటు’ ఒకటి జోడించాలి. నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ గల పదం అదే. దాన్ని కలిపితే గ్రాఫులో రెండో మూపురం కనిపించవచ్చు.

లైబీరియాను 2015 మే 9న ఎబోలా రహితంగా ప్రకటించారు. జూన్ నెలాఖరుకు మళ్లీ కేసులు బయటపడ్డాయి. ఈసారి వ్యాప్తి కొద్దిమంది దగ్గరే ఆగిపోయింది.